పొద్దుగది

చేమంతిని మోసం చేయడం చాలా తేలిక. చీకటి పడ్డాక నాలుగు గంటలు తోటలో బల్బులు వెలిగిస్తే చాలు, పగళ్లు ఇంకా పొడుగ్గానే ఉన్నాయి కాబోలనుకుని ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది, మొగ్గ తొడగదు. మనకు పూలు కావలసినప్పుడు బల్బులు ఆర్పేస్తాం. పొద్దు కురచయింది, చలికాలం వచ్చేసిందని కంగారుపడి పూసేస్తుంది. కుప్పం వైపు బస్సులో వచ్చే కొత్తవాళ్లు గుట్టల మధ్య ఎకరాల కొద్దీ దీపాలు చూసి జాతర జరుగుతోందనుకుంటారు. జాతరేం కాదు, మోసం జరుగుతోంది.

ఆ మోసాన్ని ఇంకాస్త శాస్త్రీయంగా చేయడమే నా ఉద్యోగం. గుట్ట కింద ఉన్న మా పూల పరిశోధన కేంద్రంలో ఐదేళ్లు తంటాలు పడి ఒక గది కట్టాం. కిటికీలు లేవు. పైకప్పూ గోడలూ మొత్తం వెలుగు పలకలు. మేడ మీద పెట్టిన యంత్రం ఐదేళ్లపాటు నిమిషం నిమిషం ఆకాశాన్ని రాసుకుంది. పొద్దు ఎటునుంచి లేచింది, ఎంతసేపు ఉంది, సాయంత్రం ఎరుపెంత, గాలిలో దుమ్మెంత, మబ్బెంత, అన్నీ. ఏడాదిలో ఏ రోజు కావాలంటే ఆ రోజు ఆకాశం గదిలోకి వస్తుంది. ఆగస్టులో తలుపు తీసుకుని లోపలికి వెళ్లి నవంబరులో కూర్చోవచ్చు. దానికి నేను మంచి పొడుగాటి పేరొకటి పెట్టాను. పనివాళ్లు పొద్దుగది అన్నారు. వాళ్ల పేరే నిలిచింది.

దొరస్వామి ఆ గదిలోకి పొరపాటున వచ్చాడు. మా కేంద్రంలో ఇరవై రెండేళ్లు బల్బులు కట్టిన మనిషి, పదవీ విరమణ చేసి ఐదేళ్లయింది. అందులో చివరి మూడేళ్లుగా జ్ఞాపకం పోయింది. పేర్లు పోయాయి, మనుషులు పోయారు. పనికి వచ్చే దారి మాత్రం కాళ్లకు గుర్తుండి, రోజూ పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. గేటు దగ్గరి మనిషి పాపమని లోపలికి వదిలేవాడు. ఆయన ఒక చెట్టు కింద కూర్చుని, మధ్యాహ్నం ఇంటికి తీసుకెళ్తే వెళ్లిపోయేవాడు.

ఆ ఆగస్టు ఉదయం పొద్దుగదిలో నవంబరు మూడోవారం నడుస్తోంది. దొరస్వామి లోపలికి వచ్చి, కుండీల మధ్య పావుగంట నిలబడి, నావైపు తిరిగాడు.

"మేడమ్, తూర్పు వరస మొగ్గ పట్టింది. ఇంగ నీళ్లు తగ్గించల్ల," అన్నాడు.

తూర్పు వరస నిజంగానే మొగ్గ పట్టింది. అదేం వింత కాదు, చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. నన్ను మేడమ్ అనడం వింత. మూడేళ్లుగా ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేను మెల్లిగా మాటల్లోకి దించాను. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన ఏడాది ఏ మడిలో పూలు ముందే విచ్చుకున్నాయో చెప్పాడు, అప్పటి ఇంజనీరు ఎలా తిట్టాడో అభినయించి చూపించాడు. పాత రిజిస్టర్లు తెప్పించి చూస్తే ప్రతి ముక్కా నిజం. గది దాటి నాలుగడుగులు వేశాక "ఎవురమ్మా మీరు?" అని నన్నే అడిగాడు.

రిజిస్టర్లు నేల మీద పరుచుకుని చూశాను. ఆయన చెప్పిన సంగతులు వేర్వేరు ఏళ్లవి, కానీ అన్నీ నవంబరువే. నేను ఈ కేంద్రంలో చేరింది కూడా నవంబరులో.

మర్నాడు ఆయన భార్య చెంగమ్మ వచ్చింది. సన్నటి మనిషి, యాభై ఏడేళ్లుంటాయి, చేతిలో సంగటి క్యారియరు. గుమ్మంలోనే నిలదీసింది.

"మిమ్మల్ని గుర్తుపట్టినాడంట, నిజమేనా మేడమ్?"

"కాసేపు గుర్తుపట్టాడక్కా."

"నన్ను మాత్రం ఎవురమ్మా అంటాడు. మర్యాదగానే అంటాడు. ఆ మర్యాదే నాకు పడదు. ముప్పై ఎనిమిదేండ్ల కాపురంలో ఒక్కనాడు గూడా నన్ను అమ్మా అని పిలిచిందిల్యా." కొంగుతో మొహం తుడుచుకుని గది తలుపు వైపు చూసింది. "ఈ గదిలో నేను యాడుండానో వెతకండి మేడమ్. ఒక్కసారి నన్ను నేనని చూస్తే చాలు."

వాళ్ల కూతురు నాగరత్న దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో నర్సు. మనుషుల మీద ప్రయోగానికి కావలసిన అనుమతులన్నీ తెప్పించాక కాగితాల మీద ఆమే సంతకం పెట్టింది. పెడుతూ, "మా నాయన కుండీలో చెట్టు కాదు. బరువు, బీపీ నేనే చూస్తా. నేను ఆపమంటే ఆపల్ల," అంది. సరేనన్నాను. అప్పటికి నాకు ఆ గదిలో ఏముందో తెలుసుకోవాలన్న ఆత్రం తప్ప ఇంకేమీ లేదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

నెలకొక ఆకాశం చొప్పున పెట్టి చూశాం. జూలై పొద్దులో దొరస్వామి నారు నాటడం గురించి మాట్లాడాడు, చిన్నప్పుడు పోయిన తమ్ముడి కోసం ఏడ్చాడు. సెప్టెంబరు పొద్దులో ఎవరికో ఇవ్వాల్సిన నిచ్చెన గురించి కంగారుపడ్డాడు. ఏప్రిల్ చివర పెట్టినప్పుడు యంత్రం మొరాయిస్తే, మా ఎలక్ట్రీషియన్ చేత్తో సర్దుతూ మిట్టమధ్యాహ్నపు పొద్దును అలవాటుగా దక్షిణానికి వాల్చాడు. దొరస్వామి తన నీడ చూసుకుని కుర్చీలోంచి లేచిపోయాడు. "ఎండాకాలం నీడ ఉత్తరానికెందుకు పడతాది? పొద్దు నెత్తిమీద దాటి ఉత్తరానికి పోయి ఉంటాది," అని సరిచేసేదాకా కూర్చోలేదు. భూమి కాస్త పక్కకు వంగి తిరుగుతుందనీ, అందుకే మన నెత్తిన సూర్యుడు ఏడాదికి రెండుసార్లు అటూ ఇటూ దాటుతాడనీ నేను పుస్తకంలో చదువుకున్నాను. ఆయన నీడలో చదువుకున్నాడు. పేరు మరిచిపోయిన మనిషికి ఆ చదువు మాత్రం ఉంది.

నాకు అర్థమైంది ఇది. పొద్దు పొడుగునూ రంగునూ బట్టి చేమంతి నెలను పోల్చుకున్నట్టే మన ఒళ్లూ పోల్చుకుంటుంది. ఏ పొద్దులో జరిగింది ఆ పొద్దు కింద దాస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అన్ని అరలకూ దారులుంటాయి కాబట్టి మనకా సంగతి తెలియదు. దారులు మూసుకుపోయినవాళ్లకు ఆ పొద్దు వస్తేనే ఆ అర తెరుచుకుంటుంది. మనుషుల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఒక మనిషి మనకు మొదటిసారి పరిచయమైన పొద్దు ఏదో ఆ మనిషికి తలుపు అక్కడే ఉంటుంది. ఆ తలుపు తెరుచుకుంటే తర్వాతి ఏళ్లన్నీ దాని వెనకాల వరసగా వస్తాయి.

మరి బయట ఏటేటా నెలలు వస్తూనే ఉన్నాయి కదా, అప్పుడెందుకు గుర్తురాలేదంటారా? నేనూ అదే అడుక్కున్నాను. వాళ్ల ఇంటికి వెళ్లి చూస్తే తెలిసింది. ఇంటికి మూడు వైపులా చేమంతి తోటలు, తోటల నిండా బల్బులు. ఆయన కట్టిన దీపాలే ఆయనకు పొద్దు తెలియకుండా చేశాయి.

డిసెంబరులో మాఘమాసపు ఆకాశం పెట్టాం. నాగరత్న బీపీ చూడటానికి వంగితే, "నాగా, డూటీ అయిపోయిందా? తిన్నావా?" అన్నాడు. ఆ పిల్ల పుట్టింది మాఘంలో. నాగరత్న పట్టీ విప్పడం మరిచిపోయి అలాగే తండ్రి చేయి పట్టుకుని కూర్చుంది. చెంగమ్మ గోడవారగా నిలబడి చూసింది.

"కన్నదాన్ని నేను," అంది బయటికి వచ్చాక. "బిడ్డను గుర్తుపట్టినాడు, బిడ్డ ఎట్ల పుట్టిందో గుర్తులేదు." కోపంగానే అన్నా కళ్లు నిండాయి.

ఇక మిగిలింది ఆమె తలుపే. పెళ్లికి ముందు ఆయన ఆమెను చూడలేదు. చూసి వెళ్లింది ఆయన అక్క. కాబట్టి పెళ్లిరోజే మొదటిరోజు. "వైశాఖ బహుళ ఏకాదశి," అంది చెంగమ్మ తడుముకోకుండా. నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చినదాన్ని, మా తాతగారి ఒళ్లో కూర్చుని పంచాంగం చూడటం నేర్చుకున్నదాన్ని. ఫోన్ కూడా తీయకుండా లెక్క కట్టాను. వైశాఖ బహుళమంటే మే నడిమధ్య. మే పదహారు ఆకాశాన్ని పెట్టించాను. ఈసారి చంద్రుడి కోసం కూడా ఒక చిన్న పలక కట్టించాను. ఏకాదశి నాటికి తెల్లవారుజామున లేచే సన్నటి చంద్రుడు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

పది రోజులు గడిచాయి. చెంగమ్మ రోజూ తల దువ్వుకుని, పూలు పెట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చునేది. దొరస్వామి మామిడికాయల గురించి మాట్లాడేవాడు, ఎండ గురించి విసుక్కునేవాడు. ఆమెకు కుర్చీ జరిపి, "కూర్చో అమ్మా, మీదే ఊరు?" అనేవాడు. పదో రోజున ఆమె పూలు తీసేసి ఒళ్లో పెట్టుకుంది.

"ఈ పొద్దు కాదు మేడమ్. ఇంత ఎండ యాడిది ఆ పొద్దు? మా పెండ్లినాడు మృగశిర కార్తె పడింది. వానకు పందిరి కారి పప్పులో నీళ్లు పడినాయి."

"వైశాఖంలో మృగశిర ఎలా వస్తుందక్కా? అది జూన్ రెండోవారం కదా?"

"ఎట్ల వస్తాదో నాకేం తెల్సు, వచ్చింది. మా నాయన నన్ను సాగనంపి, పక్కరోజే చెనక్కాయ విత్తనం వెయ్యడానికి పోయినాడు. వైశాఖమని పురోహితుడు చెప్పినాడు, మృగశిర అని వాన చెప్పింది."

నేను అప్పుడు ఫోన్ తీశాను. వాళ్ల పెళ్లయిన తొంభై ఒకటో సంవత్సరం పంచాంగం వెతికి, ఒక్క మాట చూసి మూసేశాను. ఆ ఏడు అధిక వైశాఖం వచ్చింది. చంద్రుడి నెలలు సూర్యుడి ఏడాది కన్నా పదకొండు రోజులు తక్కువ పడతాయి కాబట్టి మూడేళ్లకొకసారి ఒక నెల ఎక్కువ కలిపి సర్దుతారు. అలా కలిపిన నెలలో పెళ్లిళ్లు చేయరు. అది వెళ్లాక వచ్చే నిజ వైశాఖంలో చేస్తారు. అంటే పెళ్లి దాదాపు నెల ఆలస్యంగా, జూన్ ఎనిమిదిన జరిగింది. చంద్రుడి నెల పేరు పట్టుకుని సూర్యుడి దీపం వెలిగించాను నేను. అదీ నా పంచాంగ పాండిత్యం.

పైరు పెట్టేవాళ్లు ఈ తప్పు చేయరు. వాళ్లు నెలలు చూడరు, కార్తెలు చూస్తారు. సూర్యుడు ఒక్కో నక్షత్రాన్ని దాటడానికి పట్టే పదమూడు, పద్నాలుగు రోజులే ఒక కార్తె. అధిక మాసాలు, క్షయ మాసాలు దానికి పట్టవు. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు, ఏటా అదే పొద్దు. ఆ రోజు నుంచి మా గది మీటల మీద నెలల పేర్లు పీకేసి కార్తెల పేర్లు అంటించాం.

మృగశిర మొదటిరోజు పెట్టాం. నిజానికి తేడా ఎంతని? పగటికి ఎనిమిది నిమిషాలు పెరిగింది. మధ్యాహ్నపు పొద్దు ఉత్తరానికి ఇంకో బెత్తెడు జరిగింది. మే నెల దుమ్ము పోయి, పడమటి గోడ మీద బూడిదరంగు మబ్బు వచ్చింది. అంతే. బయట జనవరి చలి. లోపల మూడో రోజు మధ్యాహ్నం చెంగమ్మ పడమటి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. దొరస్వామి ఆ మబ్బువైపు చూసి, చేయి చాపి ఆమె మోచేయి పట్టుకున్నాడు.

"తడిసిపోతావు చెంగా. ఇట్ల జరుగు."

ఆమె జరిగింది. ఆయనే మాట్లాడాడు. నాగకు సంబంధాలు చూడటం మానేశావా, దానికి ఇష్టం లేకపోతే వదిలెయ్యి అన్నాడు. మోకాలి నొప్పికి నూనె రాస్తా ఉండావా అని అడిగాడు. ముప్పై ఎనిమిదేళ్లూ అక్కడే ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. నేను వింటూ నోటు పుస్తకంలో రాసుకోవడం మరిచిపోయాను. నా వృత్తి జీవితంలో అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

చెంగమ్మ ఇంటికి వెళ్లనంది. గదిలోనే చాప వేసుకుంది. నేనూ కాదనలేదు. ఆకాశాన్ని అక్కడే ఆపేశాం. రోజూ జూన్ ఎనిమిది, రోజూ బహుళ ఏకాదశి. మూడు వారాలు వాళ్లిద్దరూ కొత్త జంటలా ఉన్నారు. ఒకరోజు నేను వెళ్లేసరికి ఆయన ఆమెకు జడ వేయడానికి ప్రయత్నిస్తూ తిట్లు తింటున్నాడు.

నాలుగోవారంలో నాగరత్న ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అరవై ఒక్క కిలోల మనిషి యాభై ఆరుకు వచ్చాడు. "తింటా ఉండాడు, అయినా తగ్గతా ఉండాడు. నిద్ర రెండు గంటలు. ఇది చూడండి." నన్ను గదిలోకి తీసుకెళ్లి తండ్రి బొటనవేలు చూపించింది. నెల కింద ఆ గోరు మీద ఆమె సిరాతో గీత గీసింది. గీత గీసినచోటే ఉంది. గోరు పెరగలేదు.

నేను ఆ గీతను భూతద్దంలో చూశాను. భయం వేసింది, భయంతో పాటు ఆసక్తీ కలిగింది. పక్కనున్న చేమంతి కుండీలు కూడా బారెడు ఎత్తు పెరిగి, మొగ్గ లేకుండా ఊగుతున్నాయి. ఏడాది ముందుకు కదలకపోతే చెట్టుకు పూసే పని గుర్తురాదు. మనిషి ఒంటికి తనను తాను మరమ్మతు చేసుకునే పనే గుర్తురావడం లేదేమో. రేపటి పొద్దు కోసం ఆ ఒళ్లు ఎదురుచూస్తోంది. రేపు రావడం లేదు.

"ఆపేద్దాం మా," అంది నాగరత్న తల్లితో. "ఇట్లే పోతే ఉగాదికి కూడా ఉండడు."

"ఆపితే నన్ను మరిచిపోతాడు."

"మరిచిపోయినా మనిషి ఉంటాడు కదా?"

"మూడేండ్లు ఉన్న్యాడు కదే మనిషి. నువ్వు డూటీకి పోతావు. రోజంతా ఎవురమ్మా ఎవురమ్మా అని అడిగించుకునేది నేను. ఒక నెలే కదా నాకు దక్కింది." చెంగమ్మ గొంతు పెంచలేదు. నావైపు తిరిగింది. "కొంచెం కొంచెం కదిపితే కాదా మేడమ్? ఏడాదిని బిన్నా తిప్పేసి మల్లా మృగశిరకు తెస్తే?"

చేమంతికైతే ఏడాదిని అలా త్వరగా తిప్పవచ్చు, తిప్పాం కూడా. మనిషికి తిప్పితే గుండె తట్టుకుంటుందో లేదో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఇంకో వారం చూద్దామని కూడా చెప్పాను. ఆ మాట అని ఉండకూడదు.

ఆ వారంలోనే దొరస్వామి మాటలు తగ్గుతూ వచ్చాయి. మొదట మోకాలి నూనె సంగతి పోయింది. తర్వాత ఇల్లు కట్టిన సంగతి పోయింది. ఇక పొద్దున్నే లేచి, "మీ ఊరోళ్లు భోంచేసినారా?" అని అడిగేవాడు. సాయంత్రం, "పప్పులో నీళ్లు పడినాయంట, ఏమనుకోవద్దు," అనేవాడు. మర్నాడు మళ్లీ అదే. నాకు చంద్రుడి పలక చూశాక తెలిసింది. సూర్యుడు మనకు ఇది ఏ కాలమో చెబుతాడు. రోజు గడిచిందని చెప్పేది చంద్రుడు. నిన్నటి చంద్రుడే ఇవాళా లేస్తుంటే, ఆయన ఒంటికి ఇవాళ నిన్నే. ముప్పై ఎనిమిదేళ్లు వెనక్కి జరిగి జరిగి పెళ్లిరోజు ఒక్కటే మిగిలింది.

ఫిబ్రవరి చివర ఒక సాయంత్రం నాగరత్న బరువు చూడటానికి వచ్చింది. యాభై మూడు. దొరస్వామి ఆమెవైపు చూసి, చెంగమ్మ చెవి దగ్గరికి వంగాడు.

"ఈ పిల్ల మీ చెల్లెలా? నీ పోలికే."

నాగరత్న రాసుకుంటున్న పెన్ను ఆగింది. చెంగమ్మ చాలాసేపు ఆయన మొహం చూసింది. లేచి, ఆయన భుజం మీద తువ్వాలు సర్ది, నా దగ్గరికి వచ్చింది.

"తియ్యండి మేడమ్. బిడ్డ లేని కాపురం నాకెందుకు? తలుపు తియ్యండి."

నేనే మీట నొక్కాను. తలుపు తెరిచాం. బయట శతభిషం కార్తె, నిజమైన పొద్దు పడమట దిగుతోంది. దొరస్వామి గుమ్మం దాటి, ఎండకు కళ్లు చికిలించి, పక్కన నడుస్తున్న చెంగమ్మను చూసి, "జాగ్రత్త అమ్మా, మెట్టుంది," అన్నాడు.

వాళ్లను గుట్ట అవతల ఒక మామిడితోటలోని రెండు గదుల ఇంటికి మార్చాం. అక్కడ బల్బుల తోటలు లేవు. ఇంట్లో దీపం లేదు, టీవీ లేదు, ఫోను గేటు దగ్గరే వదిలి రావాలి. పొద్దుండగానే వంట, పొద్దుండగానే తిండి. చీకటి పడితే నిద్ర, వెన్నెల ఉంటే కాసేపు వాకిట్లో. నాగరత్న రెండు మైళ్లు ఎక్కువ నడిచి డ్యూటీకి వెళ్లేది. నేను వారానికొకసారి వెళ్లి కూర్చునేదాన్ని. ఏప్రిల్‌కు గోరు మీద గీత చివరికి జరిగింది. మే నెలకు బరువు యాభై తొమ్మిది. పౌర్ణమి దగ్గర పడితే ఆయన ఎక్కువ మాట్లాడేవాడు, అమావాస్యకు ముందు ఎక్కువ నిద్రపోయేవాడు. నేను అన్నీ రాసుకున్నాను. చెంగమ్మ మాత్రం క్యాలెండరు చూడటం మానేసింది. ఆకాశం చూసేది.

జూన్ ఎనిమిది వచ్చింది, మృగశిర పడింది. మబ్బు పట్టింది కానీ వాన లేదు. మూడో రోజు పొద్దున్నే ఆమె వాకిలి ఊడుస్తుంటే వెనకనుంచి, "చెంగా, చీపురు నాగకియ్యి, నీకు మోకాలు నొప్పి కదా," అన్నాడు. ఈసారి గది లేదు, మీట లేదు. ఏళ్లన్నీ వెనక్కి వచ్చాయి, కూతురితో సహా.

పదకొండు రోజులు. చివరి రోజుల్లో ఆమె ఆయనకు అంతా చెప్పింది. దాచలేదు. నేను కూడా అక్కడే ఉన్నాను, రమ్మని ఆమే కబురు చేసింది.

"ఈ కార్తె పోతే నన్ను మరిచిపోతావంట. మేడమ్ చెప్పింది."

ఆయన నావైపు చూశాడు, నేను తలూపాను. బల్బులు కట్టే రోజుల్లో ఏదైనా చిక్కు వస్తే ఆలోచించినట్టే కాసేపు ఆలోచించాడు.

"మరిచిపోతే మల్లా చెప్పు. కొత్తోళ్లంటే నాకేం భయమా?" అన్నాడు. "పేరు చెప్పు, ఊరు చెప్పు. మర్యాదగానే కదా మాట్లాడతా ఉండా?"

"శానా మర్యాదగా," అంది చెంగమ్మ. నవ్వింది, ఏడ్చింది కూడా.

ఆ ఆలోచన అప్పుడే ఆమె తలలో పడింది. పెళ్లిరోజు ఆయనకు మొదటి పరిచయం కాబట్టి మృగశిరలో తలుపు పడింది. ఆర్ద్రలో మొదటిసారి పరిచయమైతే ఆర్ద్రలో తలుపు పడుతుంది కదా? పునర్వసులో అయితే పునర్వసులో? నన్ను అడిగింది. కొత్త జ్ఞాపకం నిలిచే శక్తి ఆయనకు ఉందని నాకు నమ్మకం లేదని నిజాయితీగా చెప్పాను. "మీ నమ్మకం మీ పుస్తకంలో రాసుకోండి," అంది.

ఆర్ద్ర మొదటిరోజు పొద్దున ఆయన ఆమెను చూసి, "ఎవురమ్మా?" అన్నాడు. ఆమె వాకిలి బయటికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, కొత్తగా వచ్చిన మనిషిలా గుమ్మంలో నిలబడింది. "నా పేరు చెంగమ్మ. మాది పక్క ఊరే. మీ ఇంట్లో పనుండి వచ్చినా," అంది. అలా ప్రతి కార్తె మొదటిరోజూ చేసింది. హస్తలో తలనొప్పితో ఉండి కూడా చేసింది. చిత్తలో గాలివాన, తడుస్తూ బయట నిలబడి మరీ లోపలికి వచ్చింది. ఒక ఏడాదిలో ఇరవై ఆరుసార్లు పెళ్లిచూపులకు కూర్చున్న మనిషి లోకంలో మా అమ్మ ఒక్కతేనని నాగరత్న ఆటపట్టించేది. దొరస్వామి ప్రతిసారీ కుర్చీ జరిపాడు, నీళ్లిచ్చాడు, మర్నాటికి మరిచిపోయాడు. మర్నాడు మళ్లీ ఎవురమ్మా. నేను పుస్తకంలో "లేదు" అని ఇరవై ఆరుసార్లు రాశాను.

మళ్లీ మృగశిర వచ్చింది. ఆయన మళ్లీ భర్త అయ్యాడు. ఈసారి తొమ్మిది రోజులే. జూన్ ఇరవై ఒకటి సాయంత్రం వాళ్లిద్దరూ మామిడిచెట్ల కింద కూర్చుని, కూతురికి కొనాల్సిన సైకిలు గురించి పాతికేళ్ల కిందటి తగువు ఒకటి తీరికగా మళ్లీ పడ్డారు. ఆమె ఓడిపోయింది. కావాలనే ఓడిపోయిందని నాకు అనిపించింది. ఆ రాత్రి నేను నాగరత్న గదిలో పడుకున్నాను.

తెల్లవారింది. ఆర్ద్ర. చెంగమ్మ ముందే లేచి బయటికి వెళ్లిపోయింది. కాళ్లు కడుక్కున్న చప్పుడు వినిపించింది. దొరస్వామి అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి, కొంగు సర్దుకుని, నోరు తెరిచింది.

"చెంగమ్మ కదా నువ్వు?" అన్నాడాయన.

ఆమె అలాగే నిలబడిపోయింది.

"గుర్తుండాదిలే. పోయినేడు ఇట్లే ఒక మబ్బు పొద్దున వచ్చినావు. పక్క ఊరన్నావు, పనుందన్నావు." ఆయన గొంతులో కాస్త నిష్ఠూరం ఉంది. "ఆ పొద్దు పోయినదానివి మల్లా కనపడితివా? ఏడాది పొడుగునా యాడ పోయినావు?"

ఏడాదిలో ఒక్క పూట కూడా ఆమె ఆయన్ని వదిలి ఎక్కడికీ వెళ్లలేదు. నిన్న సాయంత్రం ఆయనకు ఆమె భార్య. నేను ఆమె మొహం వైపు చూడలేకపోయాను, కానీ చూశాను. చెంగమ్మ నవ్వుతోంది.

"పని పడింది సామీ," అంది. "ఇంగ వచ్చేసినా. కూర్చోనా?"

దొరస్వామి తువ్వాలుతో అరుగు దులిపి, పక్కకు జరిగాడు.